జోన్ 22 నుంచి పిలుపు: డాబా మీది తీగతో రేడియో కాంటెస్ట్‌లో నిలబడటం ఎలా

అక్టోబరులో శని, ఆదివారాలు రెండూ కలిసొచ్చే ఆఖరి వారాంతం. శనివారం ఉదయం సరిగ్గా 5:30 అయ్యేసరికి హామ్‌లు, అంటే లైసెన్సుతో అభిరుచిగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, వాడే 40 మీటర్ల బ్యాండు (సుమారు ఆ తరంగదైర్ఘ్యం ఉన్న ఫ్రీక్వెన్సీల వరస) ఒక్కసారిగా నిండిపోతుంది. అప్పుడు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) గడియారంలో 00:00. దూరదేశాల స్టేషన్లతో వీలైనన్నిసార్లు మాట్లాడే పోటీ, సీక్యూ వరల్డ్ వైడ్ డీఎక్స్ కాంటెస్ట్‌లో ఎస్‌ఎస్‌బీ భాగం, అంటే గొంతుతో మాట్లాడే భాగం మొదలైందన్నమాట. సోమవారం ఉదయం 5:29 దాకా, 48 గంటలు సాగుతుంది. నవంబరు ఆఖరి వారాంతంలో ఇదే పోటీ సీడబ్ల్యూలో, అంటే మోర్స్‌లో జరుగుతుంది.

మన హామ్‌లలో చాలామంది ఆ రెండు రోజులూ రిగ్ (రేడియో సెట్టు) ఆపేసి కూర్చుంటారు. టవర్లు, కిలోవాట్లు ఉన్నవాళ్ల మధ్య మన తీగ ఎవరికి వినిపిస్తుందని వాళ్ల అనుమానం. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. ఈ పోటీ ప్రపంచాన్ని 40 జోన్లుగా విడగొడుతుంది. మనది 22వ జోన్. భారత్, శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు, లక్షద్వీప్ ఇందులోకి వస్తాయి. అండమాన్ మాత్రం 26లోకి పోతుంది. ఈ మొత్తం ప్రాంతం నుంచి కాంటెస్ట్‌లో పిలిచేవాళ్లు తక్కువ. యూరప్‌లో కూర్చున్న ఆపరేటరుకు ప్రతి బ్యాండులోనూ జోన్ 22 ఒకటి కావాలి, ఇండియా ఒకటి కావాలి. మన సిగ్నల్ బలహీనంగా ఉన్నా వాళ్లు చెవి రిక్కించి వింటారు. జర్మనీలో 100 వాట్ల స్టేషనుకు ఆ వరం లేదు.

ఈ మార్గదర్శి లైసెన్సు చేతికొచ్చి, 50 లేదా 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రిగ్, డాబా మీద కాస్త చోటు ఉన్నవాళ్ల కోసం. పవర్ విషయంలో మీ లైసెన్సులో రాసిన హద్దే హద్దు. 50 వాట్ల నుంచి 100కి పెంచితే అవతలి ఎస్-మీటరులో (సిగ్నల్ బలం చూపే మీటరు) తేడా అర ఎస్-యూనిట్. దానికోసం బెంగ పెట్టుకోవద్దు.

ముందు లెక్క అర్థం చేసుకోండి

ప్రతి కాంటాక్టులో మీరు పంపేది రెండే: సిగ్నల్ రిపోర్టు, మీ జోన్ నంబరు. ఎస్‌ఎస్‌బీలో అది "ఫైవ్ నైన్ టూ టూ". ఒకే స్టేషనుతో ఒక్కో బ్యాండులో ఒకసారి మాట్లాడొచ్చు. 160, 80, 40, 20, 15, 10 మీటర్లు, ఈ ఆరు బ్యాండులే. 30, 17, 12 మీటర్లలో కాంటెస్టులు జరగవు. అక్కడ పోటీలో లేనివాళ్లు ప్రశాంతంగా మాట్లాడుకుంటారు, వాళ్లను కదపకూడదు.

వేరే ఖండంతో కాంటాక్టుకు 3 పాయింట్లు. మన ఖండంలోనే వేరే దేశమైతే 1. మన దేశంలో మనకు సున్నా, కానీ దేశంగానూ జోన్‌గానూ మల్టిప్లయర్ (స్కోరును గుణించే సంఖ్య) లెక్కలోకి వస్తుంది కాబట్టి ప్రతి బ్యాండులో ఒక్క భారతీయ స్టేషనునైనా పట్టుకోవాలి. మొత్తం పాయింట్లను, అన్ని బ్యాండుల్లో దొరికిన జోన్లూ దేశాలూ కలిపిన సంఖ్యతో గుణిస్తే స్కోరు.

దీన్ని కాగితం మీద వేసి చూడండి. యూరప్‌తో 300 కాంటాక్టులు, జపాన్, థాయ్‌లాండ్ లాంటి ఆసియా దేశాలతో 100 చేశారనుకుందాం. 900, 100 కలిపి 1000 పాయింట్లు. మల్టిప్లయర్లు 150. స్కోరు 1,50,000. ఈ దశలో ఇంకో యూరప్ స్టేషను దొరికితే స్కోరు 450 పెరుగుతుంది. ఇంకో జపాన్ స్టేషనైతే 150. ఒక కొత్త దేశం దొరికితే మాత్రం గుణకమే పెరిగి 1000 పైన చేరుతుంది. అంటే కొత్త మల్టిప్లయర్ రెండు యూరప్ కాంటాక్టులకు కాస్త ఎక్కువ. గంటకు 60 కాంటాక్టుల వేగంలో ఉంటే ఏదో అరుదైన ద్వీపం కోసం రెండు నిమిషాలకు మించి ఎదురుచూడటం నష్టమే. గంటకు పదే దొరుకుతున్న వేళ పది నిమిషాలు ఆగినా తప్పులేదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ కదలాలి అన్నదానికి నేను ఈ లెక్కనే నమ్ముతాను.

కేటగిరీ ముందే తేల్చుకోండి. 100 వాట్లలోపు లో పవర్, 5 వాట్లలోపు క్యూఆర్‌పీ. ఎవరు ఎక్కడున్నారో చూపించే ఇంటర్నెట్ క్లస్టరు చూస్తే మీరు అసిస్టెడ్. ఒక్కసారి చూసినా అంతే. లైసెన్సు వచ్చి మూడేళ్లు దాటనివాళ్లకు రూకీ, 25 ఏళ్లలోపువాళ్లకు యూత్, 48 గంటల్లో 24 మాత్రమే ఆడేవాళ్లకు క్లాసిక్ అని ఉపవిభాగాలున్నాయి. ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు క్లాసిక్ చక్కగా సరిపోతుంది.

తీగ

హాఫ్‌వేవ్ డైపోల్ (సగం తరంగదైర్ఘ్యం పొడవుతో, మధ్యలో కేబులు కలిపే తీగ యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 14.2కి సుమారు 10.07 మీటర్లు, 21.25కి 6.73, 28.5కి 5.02, 7.1కి 20.1. ఇళ్ల వైరింగుకు వాడే పీవీసీ తొడుగున్న రాగి తీగ చాలు. ఆ తొడుగు వల్ల తీగ లెక్కకన్నా కాస్త పొడవుగా ఉన్నట్టు పనిచేస్తుంది. అయినా మొదట అరడుగు ఎక్కువే ఉంచి, పైకెక్కించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూస్తూ రెండు కొసల్లోనూ సమానంగా కత్తిరించుకుంటూ రండి. కత్తిరించడం తేలిక, అతికించడమే కష్టం.

డాబా మీద వాటర్ ట్యాంకు దిమ్మెకు జీఐ పైపో సరుగుడు కర్రో కట్టి, మధ్యభాగం పైకెత్తి, కొసల్ని పిట్టగోడ వైపు దించితే ఇన్వర్టెడ్ వీ తయారు. ఒకే ఫీడు పాయింటు (కేబులు కలిసే చోటు) నుంచి 40, 20, 10 మీటర్ల తీగల్ని విసనకర్రలా విడదీసి కట్టొచ్చు. 40 మీటర్ల తీగ మూడో హార్మోనిక్‌లో 15 మీటర్లకు కూడా దాదాపుగా సరిపోతుంది. ఒక్క కేబులుతో నాలుగు బ్యాండులు.

దిశ విషయంలో చాలామంది పొరబడతారు. డైపోల్ తన కొసల వైపు బలహీనం, పక్కల వైపు బలం. మనకు మూడేసి పాయింట్లిచ్చే యూరప్ వాయవ్యంలో ఉంది. కాబట్టి తీగను ఈశాన్యం నుంచి నైరుతికి కట్టండి. అప్పుడు దాని బలం వాయవ్యానికీ ఆగ్నేయానికీ పోతుంది. జపాన్ కొసవైపు పడుతుంది కానీ అక్కడి స్టేషన్లు లెక్కలేనన్ని, బలమైనవి కూడా. వీ ఆకారంలో దిశాబేధం కొంత తగ్గుతుంది కాబట్టి అవి వినిపిస్తూనే ఉంటాయి.

20 మీటర్లకు సగం తరంగదైర్ఘ్యం అంటే పది మీటర్ల ఎత్తు. రెండంతస్తుల ఇంటి మీద చిన్న పైపుతో ఆ ఎత్తు వచ్చేస్తుంది. అదే ఎత్తు 10 మీటర్ల బ్యాండుకు పూర్తి తరంగం. అందుకే పగటి బ్యాండుల్లో డాబా తీగ మెరుగ్గా పలుకుతుంది. 40లో అదే ఎత్తు పావు తరంగమే, శక్తి ఎక్కువ భాగం నెత్తిమీదికి పోతుంది. అయినా పనిచేస్తుంది, ఓపిక కావాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వీధిలో 11 కేవీ లైనుగానీ ఇంటి సర్వీసు వైరుగానీ ఉన్న వైపు తీగ విసరొద్దు, పైపు ఎత్తొద్దు. తాడు తెగినా పైపు ఒరిగినా ఆ వైర్లను తాకే అవకాశం ఏ కోశానా ఉండకూడదు. అక్టోబరు, నవంబరు మన కోస్తాకు తుపానుల కాలం కూడా. ఉరుము వినిపిస్తే స్కోరు పక్కన పెట్టి కోయాక్స్ కేబులు ఊడదీసి బయట పడేయండి.

కేబులు దగ్గర పిసినారితనం పనికిరాదు. 30 మీటర్ల ఆర్‌జీ-58, 28 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు రెండున్నర డెసిబెల్స్ తినేస్తుంది. 100 వాట్లు పంపితే తీగకు చేరేది 56 దాకానే. ఆర్‌జీ-213 అయితే నష్టం అందులో సగం. ఫీడు పాయింటు దగ్గర 31 రకం ఫెరైట్ రింగు మీద కేబులు పది పన్నెండు చుట్లు చుట్టి చోకుగా వాడండి. కేబులు పైతొడుగే యాంటెన్నాగా మారి ఇంట్లోని విద్యుత్ శబ్దమంతా రిగ్‌లోకి లాక్కురాకుండా అది ఆపుతుంది.

మీరు వినలేనివాళ్లు మీ లాగ్‌లోకి రారు

మన ఊళ్లలో అసలు సమస్య శబ్దం, అంటే విద్యుత్ పరికరాలు రేడియోలో పుట్టించే గరగర. కాంటెస్టుకు వారం ముందు ఒక రాత్రి రిగ్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి వినండి. ఎస్-మీటరు ఎంత పడిందో రాసుకోండి. తర్వాత ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ పోతే దొంగ బయటపడతాడు. నాకు తగిలినవి: ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, టీవీ సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఇన్వర్టరు. ఆపగలిగినవి ఆపండి, ఆపలేనివాటి వైర్లకు ఫెరైట్ వేయండి. ఎస్‌ఎస్‌బీ కాంటెస్టు కొన్నేళ్లు దీపావళి దరిదాపుల్లో పడుతుంది. వీధంతా సీరియల్ లైట్లుంటాయి. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడి, వాళ్ల దీపాల అడాప్టరుకు నేనే ఫెరైట్ బిగించిపెట్టాను ఒకసారి. రెండు ఎస్-యూనిట్లు తగ్గింది. అంత లాభం ఏ యాంప్లిఫయరుతో వస్తుంది!

కరెంటు పోతుందని ముందే అనుకుని ఏర్పాటు చేసుకోండి. 100 వాట్ల రిగ్ మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ బ్యాటరీ నుంచి పొట్టి, లావు వైరుతో, ఫ్యూజు పెట్టి నేరుగా రిగ్‌కి ఇచ్చేస్తే గంటల తరబడి నడుస్తుంది.

బల్ల మీద

లాగ్ (చేసిన కాంటాక్టుల పట్టిక) కోసం ఉచితంగా దొరికే ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ వాడండి, విండోస్ ల్యాప్‌టాప్ చాలు. క్యాట్ కేబులుతో రిగ్‌ను కలిపితే ఫ్రీక్వెన్సీ, బ్యాండు అదే రాసుకుంటుంది. ఎఫ్1లో సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు), ఎఫ్2లో రిపోర్టు, ఎఫ్3లో థాంక్యూ మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి. రెండో రోజు సాయంత్రానికి గొంతు మిగిలేది అందుకే. ల్యాప్‌టాప్ గడియారం ఇంటర్నెట్‌తో సరిచూడండి. లాగ్ అంతా యూటీసీలోనే. నా మొదటి కాంటెస్టులో కొన్ని గంటలు ఐఎస్‌టీలో రాసేశాను. అయిదున్నర గంటల తేడా సరిదిద్దడానికి మరునాడంతా పట్టింది.

మైకు ముందు నుంచి వచ్చే గొంతు గంభీరంగా ఉండాల్సిన పనిలేదు. బేస్ బాగా తగ్గించి, కంప్రెసరు మితంగా పెట్టి, రిగ్ మీటరులో ఏఎల్‌సీ (గొంతు స్థాయి హద్దు మీరిందో లేదో చూపేది) గీత దాటకుండా చూడండి. స్నేహితుణ్ని వినమని అడిగి వారం ముందే సరిచేసుకోండి. ఫిల్టరు 1.8 నుంచి 2.1 కిలోహెర్ట్జ్ మధ్యకు కుదించండి. బ్యాండు సిగ్నళ్లతో పొర్లిపోతుంటే ప్రీయాంప్ ఆపి, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి. శబ్దం వెనక్కి పోయి గొంతులు ముందుకొస్తాయి. చాలామందికి ఈ నాబ్ ఉన్నట్టే గుర్తుండదు.

ఏ గంటకు ఏ బ్యాండు

హైదరాబాదులో అక్టోబరు చివర సూర్యోదయం ఆరుంబావు లోపే. అంటే పోటీ మొదలయ్యే 5:30కి మన ఆకాశం తెల్లబడుతూ ఉంటుంది, యూరప్ ఇంకా చీకట్లోనే ఉంటుంది. చీకటి వెలుగుల సరిహద్దు మీద 40, 80 మీటర్ల సిగ్నళ్లు బాగా దూరం పోతాయి. కాబట్టి మొదటి గంట అక్కడే గడపండి. పోటీ సోమవారం 5:29కి ముగుస్తుంది, ఆ రోజు సూర్యోదయం మనకు దక్కదు. ఈ అదను శని, ఆది రెండు ఉదయాలే.

ఎండ ఎక్కాక 20, 15 మీటర్లలో ఉత్తర ధ్రువం మీదుగా ఉత్తర అమెరికా వినిపించవచ్చు. ఏడున్నర, ఎనిమిది నుంచి 10, 15 మీటర్లలో జపాన్, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు తెరుచుకుంటాయి. జపాన్‌కు పాయింటు ఒకటే కాబట్టి ఆ పూట మల్టిప్లయర్లు ఏరుకోవడానికి, టిఫినుకు, స్నానానికి వాడుకోండి. ఆస్ట్రేలియా మాత్రం వేరే ఖండం, వదలొద్దు.

అసలు పంట మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా. సౌరచక్రం జోరుగా ఉన్న ఏళ్లలో 10 మీటర్లు యూరప్‌కు ఒంటిగంటకే తెరుచుకుని చీకటిపడే దాకా ఉంటుంది. ఆ ఆరేడు గంటలు కుర్చీ వదలకూడదు. సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య అమెరికా తూర్పు తీరంలో ఉదయమవుతుంది, 15, 10 మీటర్లలో వాళ్లకోసం వినండి. తర్వాత 20, ఆపైన రాత్రంతా 40. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు 7.000 నుంచి 7.200 వరకు. అమెరికా వాళ్ల ఎస్‌ఎస్‌బీ 7.125 పైన ఉంటుంది కాబట్టి వాళ్లకోసం ఆ పై భాగంలో వెతకండి. బ్యాండు అంచులు కూడా గుర్తుంచుకోండి. 20 మీటర్లలో యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) సిగ్నల్ డయలు పైకి దాదాపు మూడు కిలోహెర్ట్జ్ పరుచుకుంటుంది. 14.350 అంచు కాబట్టి 14.347 దాటి మాట్లాడకూడదు.

నిద్ర అర్ధరాత్రి దాటాక, రెండు నుంచి నాలుగున్నర మధ్య. అలారం రెండు ఫోన్లలో పెట్టుకోండి.

వెతికి పట్టడం, నిలబడి పిలవడం

మొదటి కాంటెస్టులో మొదటి రెండు మూడు గంటలు వెతికి పట్టండి. బ్యాండు ఒక చివర నుంచి నెమ్మదిగా జరుగుతూ సీక్యూ పిలుస్తున్నవాళ్లను వినాలి. వాళ్ల కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు అక్షరాలు) పూర్తిగా రాసుకున్నాకే మీ కాల్‌సైన్ ఒక్కసారి, ఫొనెటిక్స్‌తో (ఎల్‌కు లీమా లాంటి పదాలతో) చెప్పండి. అవతలివాళ్ల కాల్‌సైన్ తిరిగి చెప్పొద్దు, అది వాళ్లకు తెలుసు. పలకరింపులు వద్దు. పిలిచి ఆగి వినండి. పైలప్ (ఒకే స్టేషనును ఒకేసారి పిలిచేవాళ్ల గుంపు) గట్టిగా ఉంటే అందరూ ఒక్కసారి అరిచి ఊపిరి తీసుకునే అరసెకను కోసం కాచుకోండి, మీ గొంతు ఖాళీలో పడాలి. లేదా సున్నా బీటు (సరిగ్గా అవతలివాళ్ల ఫ్రీక్వెన్సీ) నుంచి నూరు, నూటయాభై హెర్ట్జ్ పక్కకు జరిగితే మీ స్వరం మిగతావాటికన్నా వేరుగా వినిపిస్తుంది.

చెవి కుదురుకున్నాక నిలబడి పిలవండి. 10 మీటర్లలో 28.5 పైన చోటు దొరుకుతుంది. ఖాళీ అనిపించినా రెండుసార్లు ఖాళీయేనా అని అడిగాకే మొదలుపెట్టాలి. "సీక్యూ కాంటెస్ట్", కాల్‌సైన్ రెండుసార్లు, "కాంటెస్ట్". మూడు సెకన్లు మౌనం. మళ్లీ పిలుపు. ఆ మౌనం మూడు సెకన్లకు మించితే దాటిపోయేవాడు మీరున్నారనే గమనించడు.

జోన్ 22 అని తెలిసిన అయిదు నిమిషాల్లో గోడ కూలినట్టు మీద పడతారు. అప్పుడు కంగారు వద్దు. ఒక్క ముక్క పట్టుకోండి. "లీమా వన్" అని వినిపిస్తే "లీమా వన్, ఫైవ్ నైన్ టూ టూ" అని ఆ ముక్కకే రిపోర్టు ఇచ్చేయండి. అతను పూర్తి కాల్‌సైన్‌తో బదులిస్తాడు. సరిచూసి, పూర్తి కాల్‌సైన్ చెప్పి, థాంక్యూ, మీ కాల్‌సైన్. మధ్యలో వేరేవాళ్లు ఎంత అరిచినా లీమా వన్‌నే పూర్తిచేయాలి. గట్టిగా అరిచినవాడికి ఒక్కసారి లొంగితే మీ పైలప్ సంతగా మారుతుంది. మాట నిలబెట్టుకుంటే రెండు మూడు నిమిషాల్లో వాళ్లే క్రమంలోకొస్తారు. ప్రతి రెండు మూడు కాంటాక్టులకైనా మీ కాల్‌సైన్ చెప్పాలి.

ఈ క్రమశిక్షణ ఆటతో ఆగిపోదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం, భారతి ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో కాంటాక్టులు చేస్తోంది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. అరుదైన ద్వీపం కోసం పోటెత్తిన పైలప్‌ను నడిపిన రేడియోలే ఆ రోజు నుంచి బతికున్నవాళ్ల కబుర్లు మోశాయి.

నిలబడి పిలుస్తూ పది నిమిషాలపాటు నిమిషానికి ఒక్కరు కూడా రాకపోతే బ్యాండు మార్చండి, లేదా తిరిగి వెతకడానికి వెళ్లండి. అలవాటైన ఫ్రీక్వెన్సీ మీద మమకారం పెంచుకోవద్దు.

సీడబ్ల్యూ వస్తే నవంబరు మీకు ఇంకా అనుకూలం. బలహీన సిగ్నల్ మోర్స్‌లో చాలా దూరం పోతుంది. రిపోర్టు ఫైవ్ నైన్ నైన్‌ను ఫైవ్ ఎన్ ఎన్ అని కుదించి పంపుతారు. ఎదుటివాళ్లు నిమిషానికి 28, 30 పదాల వేగంలో ఉన్నా మీకు చేతనైన వేగంలోనే పిలవండి, మంచి ఆపరేటరు తగ్గి వస్తాడు.

లాగ్ పంపడం

పోటీ ముగిసిన అయిదు రోజుల్లో లాగ్‌ను క్యాబ్రిల్లో (కాంటెస్ట్ లాగ్‌లకు వాడే ప్రామాణిక రూపం) ఫైలుగా అప్‌లోడ్ చేయాలి. యాభై కాంటాక్టులే చేసినా పంపండి. పంపేముందు అక్షరదోషాలు సరిచేయొచ్చుగానీ, ఇంటర్నెట్‌లో చూసి కాల్‌సైన్లు మార్చకూడదు. గాలిలో విన్నదే లాగ్. కాల్‌సైన్ తప్పుగా రాసుకుంటే ఆ కాంటాక్టు పోవడంతో పాటు దాని పాయింట్లకు రెట్టింపు కోత పడుతుంది. అందుకే అనుమానం ఉన్న అక్షరాన్ని అక్కడికక్కడే మళ్లీ అడగండి. ఆ అయిదు సెకన్లకు భయపడి పరుగెత్తితే మూడింతలు పోగొట్టుకుంటారు.

కొన్ని నెలల తర్వాత లాగ్ చెకింగ్ రిపోర్టు వస్తుంది. మీ తప్పులన్నీ వరసగా ఉంటాయి. ఏ గంటలో ఎక్కువ తప్పులు చేశారో, ఏ అక్షరాలు మీ చెవికి కలిసిపోతున్నాయో గుర్తుపెట్టుకోండి. నాకు హెచ్, ఎస్ సీడబ్ల్యూలో కలిసిపోయేవి, అదీ తెల్లవారుజామునే. తర్వాతి సారి ఆ గంటలో వేగం రెండు పదాలు తగ్గించాను. మార్చి ఆఖరి వారాంతంలో డబ్ల్యూపీఎక్స్ ఎస్‌ఎస్‌బీ అనే ఇంకో కాంటెస్టు ఉంది. అందులో జోన్ బదులు వరస నంబరు పంపాలి, వేరే ఖండంతో 40, 80 మీటర్లలో చేసిన కాంటాక్టుకు 3 కాదు 6 పాయింట్లు. ఈలోగా ఎండలు ముదరకముందే డాబా ఎక్కి, 40 మీటర్ల తీగ మధ్యభాగాన్ని ఇంకో రెండు మీటర్లు పైకి జరపండి.